అనుమానం వస్తే లోపలే

ఈ సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్లాం. భోగి ముందు రోజు చీకటితోనే మెలకువ వచ్చి వీధి అరుగు మీదకి వస్తే, మా బావమరిది భార్య వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. ఇప్పుడు పల్లెల్లో కూడా చాలా ఇళ్ల ముందు సిమెంటే, పేడనీళ్లతో పనిలేదు. పండగ రోజులకి మాత్రం ఎక్కణ్ణుంచో ఓ తట్టెడు పేడ తెప్పిస్తారు. పొడి మట్టి మీద ఆ నీళ్లు ఛప్‌మని పడ్డ చప్పుడు, వెనకే లేచిన వాసన. ఆ వాసనకి ఎవరికైనా అమ్మమ్మ గుర్తొస్తుంది, గొబ్బెమ్మలు గుర్తొస్తాయి. నాకు టెన్నిస్ గుర్తొస్తుంది.

ఈ మాట అంటే మా ఆవిడ నవ్వింది. ఆమెకి టెన్నిస్ అంటే టీవీలో కనిపించే పచ్చగడ్డి, తెల్లబట్టలు. పేడకీ దానికీ ఏం సంబంధమంది. మా ఊరి కోర్టు పేడతో అలికిన కోర్టు. దక్షిణాదిలో చాలా క్లబ్బుల మట్టి కోర్టుల్ని అప్పట్లో అలాగే అలికేవాళ్లు. పేడ కలిపితే మట్టి పగలదు, దుమ్ము లేవదు, బంతి ఒకే తీరుగా లేస్తుంది. ఆ అలుకుడు పనిలో మూడేళ్లు చేతులు పెట్టినవాణ్ణి. అందుకే నా బాల్యం వాసన అది.

మాది గోదావరి కాలవ గట్టున ఉన్న ఊరు. పేరు రాయను, ఊరివాళ్లు ఎలాగూ పట్టేస్తారు. కాలవకీ బస్టాండుకీ మధ్య ఆఫీసర్ల క్లబ్బు ఉండేది. పెంకుటి హాలు, అందులో చీట్లపేక, ఓ క్యారమ్స్ బల్ల, బయట వేపచెట్టు, దాని పక్కన ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు. సాయంత్రం ఐదు దాటాక ఎమ్మార్వో గారు, ఇరిగేషన్ ఇంజనీరు గారు, ఇద్దరు ప్లీడర్లు, రైసుమిల్లు ఆసామి, డాక్టరు గారు తెల్లనిక్కర్లు వేసుకుని వచ్చేవాళ్లు. మా నాన్న మండలాఫీసులో గుమాస్తా. క్లబ్బు మెంబరు కావడానికి సరిపోయే ఉద్యోగం కాదు. నేను ప్రహరీగోడ ఎక్కి చూసే బ్యాచ్. బంతి గోడ దాటి పడితే పరుగెత్తి తెచ్చి ఇచ్చేవాళ్లం. తిరిగి విసిరే ముందు ఒక్కసారి అరచేతిలో నొక్కి చూసుకోవడం, అదే మా కూలి.

డాక్టరు గారికి టెన్నిస్ పిచ్చి. ఎనభైల మధ్యలో మద్రాసులో టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ వాళ్లు బ్రిటానియా కంపెనీతో కలిసి కుర్రాళ్లని అక్కడే ఉంచి నేర్పించే స్కీము ఒకటి మొదలుపెట్టారు. అందులో చేరిన కుర్రాడే లియాండర్ పేస్. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది అతనే. ఆ స్కీము గురించి పేపర్లో చదివిన డాక్టరు గారు ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని క్లబ్బు మీటింగుకి వెళ్లారట. "మనకి అంత లేదు గానీ, పొద్దుటిపూట కోర్టు ఖాళీగానే పడుంటోంది కదా. ఊళ్లో పిల్లల్ని రానిద్దాం" అన్నారట. దాని మీద నెలరోజులు వాదన నడిచింది. మా నాన్న ఇంటికొచ్చి అమ్మకి సీరియల్‌లా చెప్పేవాడు. చివరికి మూడు షరతుల మీద ఒప్పుకున్నారు. ఫీజు లేదు గానీ కోర్టు పని పిల్లలే చేయాలి. ఏడున్నరకల్లా గేటు బయట ఉండాలి. పేము కుర్చీలు ముట్టుకోకూడదు.

నేర్పేది మార్కర్ తాత.

మార్కర్ అంటే ఇప్పటివాళ్లకి తెలియకపోవచ్చు. క్లబ్బులో టెన్నిస్ చూసుకునే మనిషి. కోర్టు సిద్ధం చేస్తాడు, నెట్టు కడతాడు, బ్యాట్లకి తెగిన తీగలు బిగిస్తాడు. డబుల్స్‌కి నాలుగో ఆఫీసరు రాకపోతే ఆ చోట్లో ఆడతాడు. ఆడి, ఓడిపోయేలా కూడా చూసుకుంటాడు. అది మాకు చాలా తరవాత అర్థమైంది. తాత కుర్రతనంలో మద్రాసులో బాల్‌బాయ్‌గా ఉన్నాడట. రామనాథన్ కృష్ణన్‌ని దగ్గర్నుంచి చూశానని చెప్పేవాడు. ఏ పూటా "కృష్ణన్ గారు" అనడమే తప్ప ఉత్త పేరు అనలేదు. 1960లో, 61లో వరసగా రెండేళ్లు వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్లిన మనిషి. ఆ రెండుసార్లూ ఆయన్ని ఓడించినవాళ్లే (ఫ్రేజర్ ఒకసారి, లేవర్ ఒకసారి) చివరికి కప్పు కొట్టారు. తాత దృష్టిలో అది ఓటమి కాదు, వరస కుదరకపోవడం.

మొదటి రోజు పాతికమందిమి వెళ్లాం. ఎమ్మార్వో గారబ్బాయి జీపులో దిగాడు. రిక్షా తొక్కే ఆయన కొడుకులు ఇద్దరు, మిల్లు ఆసామి మేనల్లుడు, నేను, ఇస్త్రీబండి వాళ్లమ్మాయి. ఆ పిల్లని ఎవరూ పిలవలేదు. గేటు పక్కనే వాళ్ల బండి. నిప్పులు రాజేసి లోపలికి వచ్చి నిలబడింది. తాత ఎగాదిగా చూసి, "ఏమ్మాయ్, పొద్దున్నే ఖాళీయేనా?" అన్నాడు. "బొగ్గులు అంటుకునేదాకా ఖాళీయేనండి" అంది. పది రోజులు తిరిగేసరికి పాతికమందిమి పదకొండుమంది అయ్యాం. ఎందుకంటే మొదటి గంట బ్యాటు ముట్టుకోనివ్వడు. (రాకెట్ అనే మాట మాకు లేదు, అదీ బ్యాటే.)

ఐదున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. నీళ్లు పట్టేవాళ్లు కొందరు, రోలరు లాగేవాళ్లు కొందరు, గీతలు వేసేవాళ్లు కొందరు. ఒకడు బోరింగు కొడుతుంటే మిగతావాళ్లం మొక్కలకి పోసే చిల్లుల మూతి డబ్బాలతో మోసేవాళ్లం. నీళ్లు ఎక్కువైతే బురద, తక్కువైతే దుమ్ము. తాత చెప్పులు విప్పి అరికాలితో చూసేవాడు. కాలికి మట్టి అంటకూడదు, చల్లగా తగలాలి. అదే కొలత. వారం తిరక్కుండా మా అరికాళ్లకీ తెలిసిపోయింది.

రోలరు రాతిది. ఇనపచట్రం, పొడుగాటి పిడి. నలుగురం కలిసి లాగితే గానీ కదిలేది కాదు. అందులో ఒకడు లాగినట్టు నటిస్తే ఎవరూ పితూరీ చెప్పక్కర్లేదు, రోలరు ఆ పక్కకి తిరిగిపోయేది. తాత వేపచెట్టు కిందనుంచి చూసి పేరు పెట్టి పిలిచేవాడు, అంతే. తిట్టేవాడు కాదు. మిల్లు ఆసామి మేనల్లుడు ఆ దెబ్బకే మానేశాడనుకుంటా.

ఇంక ఆదివారం అలుకుడు. పాలవాళ్ల సావిట్లోంచి నూనెడబ్బాలతో పేడ తెచ్చి, ఎర్రమట్టితో కలిపి, గోనెలో వడగట్టి, పీపాలో పోసేవాళ్లం. గడ్డి, పీచు మిగిలితే బంతి అడ్డదిడ్డంగా లేస్తుంది. చీపురు పట్టుకుని వెనక్కి నడుస్తూ అలకాలి, లేకపోతే మన అడుగులు మనమే తొక్కుకుంటాం. ఎమ్మార్వో గారబ్బాయి మొదటిరోజు ముక్కు మూసుకుని గోడ దగ్గరికి పరుగెత్తి కక్కేశాడు. వాడికి అలకడం నేర్పింది ఇస్త్రీ అమ్మాయే. ఇంట్లో రోజూ చేసే పనే కదా. "చెయ్యి అలా తిప్పకు బాబూ, అర్ధచంద్రంలా తిప్పు" అంటూ నేర్పింది. నెల తిరిగేసరికి "బాబూ" పోయి "ఒరేయ్" వచ్చింది. అది ఏ రోజు మారిందో ఇద్దరిలో ఎవరికీ తెలిసుండదు.

గీతల పని నాకిష్టం. మూలల్లో మేకులు, మేకుకీ మేకుకీ పురికొస, దాని వెంట సున్నం. పొడవు 78 అడుగులు, సింగిల్స్‌కి వెడల్పు 27, డబుల్స్‌కి 36. మూల సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి తాత తాడు మీద ముళ్లు వేసి పెట్టుకున్నాడు. ఒకవైపు మూడు, ఇంకోవైపు నాలుగు, అడ్డంగా ఐదు కలిస్తే మూల మట్టం. తరవాత ఎప్పుడో లెక్కల మాస్టారు పైథాగరస్ సిద్ధాంతం బోర్డు మీద వేస్తే "ఇది మార్కర్ తాత తాడండీ" అని అరిచి బెత్తం దెబ్బ తిన్నాను. నెట్టు ఎత్తుకీ టేపు లేదు. చెక్కబ్యాటు పొడవు 27 అంగుళాలు, తల వెడల్పు 9. ఒక బ్యాటు నిలబెట్టి దాని మీద ఇంకోటి అడ్డంగా పెడితే సరిగ్గా 36, అంటే మూడడుగులు. నెట్టు మధ్యలో ఉండాల్సిన ఎత్తు అది. మా ఆరు బ్యాట్లూ ఆఫీసర్లు వాడి పారేసినవే. రెండిటికి పిడి కోసేశారు, చిన్నపిల్లల కోసం. కాబట్టి కొలతకి మంచి బ్యాటు వెతుక్కోవాలి. పిడి కోసిన బ్యాటుతో కొలిచి నెట్టు కిందికి దించేసి, సర్వీసులన్నీ తెగ పడుతున్నాయని మేం సంబరపడ్డ రోజు కూడా ఉంది.

బంతులు పదకొండు. అన్నీ బొచ్చు రాలినవే. కొత్త డబ్బా తెరిచినప్పుడు వచ్చే "ఫుస్స్" చప్పుడు, ఆ రబ్బరు వాసన ఆఫీసర్లవి. మాకు అవి రెండు నెలలు పాతబడ్డాక వచ్చేవి. వెదురు బుట్టలో పోసి లెక్కపెట్టి తీసుకోవాలి, లెక్కపెట్టి ఇవ్వాలి. పదకొండూ దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. ఎవరు కొట్టిపోగొట్టారన్న ప్రశ్నే లేదు, అందరూ వెతకాల్సిందే. ఒకరోజు పదోది దగ్గర ఆగిపోయాం. గేటు బయట జీపు హారన్ కొడుతోంది, బళ్లో ప్రార్థన గంట కొట్టేశారు. ఎమ్మార్వో గారబ్బాయి తుప్పల్లో పాక్కుంటూ వెతుకుతున్నాడు. డ్రైవరు లోపలికొచ్చి "బాబుగారూ, రండి" అంటే, "ఇంకోటి దొరకలేదు, నువ్వూ వెతుకు" అన్నాడు. పాపం డ్రైవరూ వెతికాడు. చివరికి కాలవలో కనబడింది, తూముకేసి తేలుతూ పోతోంది. రిక్షా ఆయన పెద్దకొడుకు చొక్కాతో సహా దూకేశాడు. బంతి దొరకలేదు. వాడు గట్టు మీదకి వచ్చేదాకా తాత మొహంలో నెత్తురు లేదు. వచ్చాక వీపు మీద ఒక్కటి ఇచ్చాడు. మూడేళ్లలో తాత చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కసారే. మర్నాటి నుంచి లెక్క పది.

ఇదంతా అయ్యాక ఆట. ఆటలో తాత నేర్పిన కిటుకులు నాకిప్పుడు పెద్దగా గుర్తులేవు. నా బ్యాక్‌హ్యాండ్ ఎప్పుడూ గరిటె తిప్పినట్టే ఉండేది. గుర్తున్నది ఒక్కటే రూలు. మా కోర్టులో అంపైరు లేడు. నీ వైపు పడ్డ బంతి లోపలో బయటో నువ్వే చెప్పాలి. గట్టిగా, వెంటనే చెప్పాలి. సరిగ్గా కనిపించకపోతే? "అనుమానం వస్తే లోపలే" అనేవాడు తాత. అంటే పాయింటు ఎదుటివాడిది. మేం మొదట్లో గొడవ పెట్టుకున్నాం. నాకు కనబడకపోతే వాడికెందుకు పాయింటు? మళ్లీ ఆడొచ్చు కదా? తాత ఒప్పుకునేవాడు కాదు. "నీ వైపు చూసుకోవాల్సింది నువ్వు. చూసుకోలేదు. దానికి వాడేం చేస్తాడు?" అనేవాడు.

ఇది తాత సొంత రూలు కాదనీ, అంపైరు లేని ఆటలన్నిటా ప్రపంచమంతా ఇదే పాటిస్తారనీ నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. తెలిసినప్పుడు కొంచెం నిరుత్సాహపడ్డాను కూడా.

ఆ రోజుల్లోనే 1987 డేవిస్ కప్, దేశాల జట్లు ఆడే టెన్నిస్ పోటీ. సిడ్నీలో ఆస్ట్రేలియా మీద సెమీఫైనల్ రెండు-రెండు దాకా వచ్చి, ఆఖరి మ్యాచ్‌లో రమేష్ కృష్ణన్ వాలీ మసూర్‌ని ఓడించాడు. మర్నాడు డాక్టరు గారు పేపరు పట్టుకుని పొద్దున్నే కోర్టుకి వచ్చేశారు, లుంగీలోనే. గట్టిగా చదివి వినిపించారు. తాతకి అది వేరే సంతోషం. కృష్ణన్ గారబ్బాయి! "అంత మెత్తటి సర్వీసు పెట్టుకుని ఎలా గెలిచాడంటారు డాక్టర్‌బాబూ?" అని ఆయన్నే అడిగి, ఆయన చెప్పేలోగా తనే చెప్పాడు, "ఎక్కడ వెయ్యాలో తెలుసు." ఆ వారమంతా మేం సర్వీసు మెల్లిగా వేసి రమేష్ కృష్ణన్‌లం అయిపోయాం. డిసెంబరులో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫైనల్ 5-0తో పోయింది. వాళ్లు హాలు లోపల మట్టికోర్టు వేయించారని తెలిసి తాత ఆశ్చర్యపోయాడు. "ఇంట్లో మట్టా? అలికేదెవరు?"

డాక్టరు గారు అప్పుడే ఇంకో సంగతి చెప్పారు. 1974లోనూ మనవాళ్లు ఫైనల్‌కి వెళ్లారు, కానీ ఎదుట దక్షిణాఫ్రికా. అక్కడ నల్లవాళ్లని మనుషులుగా చూడటం లేదని మనదేశం ఆడనంది. కప్పు ఆడకుండానే వాళ్లకి వెళ్లిపోయింది. "అమృత్‌రాజ్ మాంచి ఊపు మీదున్న రోజులు, గెలిచేవాళ్లమే" అన్నారు డాక్టరు గారు. రిక్షా ఆయన చిన్నకొడుకు "అయితే కప్పు ఊరికే ఇచ్చేశామాండీ?" అన్నాడు. ఆయన ఏదో చెబుతున్నారు. తాత ఏమీ అనకుండా రోలరు మీద కూర్చుని నెట్టు కుడుతున్నాడు.

రోలరు మీద అని ఎందుకు రాస్తున్నానంటే, తాత ఎప్పుడూ అక్కడే కూర్చునేవాడు. వేపచెట్టు కింద ఎనిమిది పేముకుర్చీలు ఉండేవి. పొద్దున్నపూట ఎనిమిదీ ఖాళీనే. ఒకరోజు ఎమ్మార్వో గారబ్బాయి ఒకటి లాక్కొచ్చి "కూర్చో తాతా" అన్నాడు. "ఎక్కడ తీశావో అక్కడ పెట్టు బాబూ" అన్నాడు తాత. వాడు పెట్టలేదు. మొండికేశాడు. తాతే లేచి, కుర్చీ మోసుకెళ్లి, వరసలో సర్ది, దుమ్ము తుడిచి వచ్చాడు. ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. గీత మీద పడ్డ బంతికి అంత లెక్క చూసే చోట ఈ లెక్క ఎవరికీ తట్టలేదు. డాక్టరు గారికి కూడా. ఆయన మంచివారే. ఆయనా ఆ కుర్చీలోనే కూర్చుని తాతతో మాట్లాడేవారు.

రెండో వేసవి చివర మాలో మాకే పోటీ పెట్టారు. ఒక్కో సెట్టు. ప్రైజు కొత్త బంతుల డబ్బా, మూడు బంతులు, సీలు తియ్యనిది. డాక్టరు గారిచ్చారు. ఫైనల్‌కి నేనూ ఇస్త్రీ అమ్మాయీ మిగిలాం. ఆ పిల్ల పావడా పైకి దోపుకుని, ఉత్తకాళ్లతో ఆడేది. ఎంతదూరం కొట్టినా బంతికి ఎదురెళ్లి తిరిగి పంపేది. విసుగు పుట్టి మనమే తప్పు కొట్టాలి. ఆ రోజు సాయంత్రం పెట్టారు కాబట్టి ఆఫీసర్లూ ఉన్నారు, కుర్చీల్లో. మా నాన్న గోడ అవతల నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ రాడు.

5-4, నా సర్వీసు. ఫార్టీ-థర్టీ. ఒక్క పాయింటు వస్తే అయిపోతుంది. సర్వీసు వేశాను, ఆమె లోతుగా తిప్పి కొట్టింది. బంతి నా ఎడమకాలి పక్కన వెనకగీత దగ్గర పడింది. పడటం చూశాను. గీతకి తగిలిందో లేదో చూడలేదు. చూడలేదనే చెప్పగలను. అప్పటికే నా నోట్లోంచి "అవుట్" వచ్చేసింది.

చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల నెట్టు దాకా వచ్చి, అక్కణ్ణుంచే ఆ చోటు వైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. చెయ్యి కలిపింది. ఆ చేతికి బొగ్గు వాసన. డబ్బా నాకిచ్చారు. మా నాన్న గోడ అవతల్నుంచి చెయ్యి ఊపాడు.

అందరూ వెళ్తున్నప్పుడు తాత బంతుల బుట్ట ఖాళీచేసి, బంతులు గోనెసంచిలో పోసి, ఆ వెదురు బుట్టని తెచ్చి వెనకగీత మీద, ఆ చోట బోర్లించాడు. పైన ఓ ఇటుక పెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను అసలు అడగలేదు.

రాత్రి ఆ డబ్బా పక్కలో పెట్టుకుని పడుకున్నాను. తెరవలేదు.

మర్నాడు నీళ్ల వంతు నాదే. "బుట్ట చుట్టూ పోయ్. కిందకి నీళ్లు పోనివ్వకు" అన్నాడు తాత. ఆటంతా బుట్ట అక్కడ ఉండగానే జరిగింది. బంతి వచ్చి దానికి తగిలితే మళ్లీ ఆడుకున్నారు. ఏడున్నరకి అందరూ వెళ్లారు. ఇస్త్రీ అమ్మాయి ఆ రోజు రాలేదు. ఇళ్లకి బట్టలు ఇచ్చే రోజు. నేను మిగిలాను.

ఇటుక తీసి బుట్ట ఎత్తాను. మట్టికోర్టు మీద బంతి పడితే నిమ్మకాయంత గుర్తు పడుతుంది. ఆ గుర్తు అలాగే ఉంది, చుట్టూ కోర్టంతా తడి, ఆ గుండ్రటి చోటు ఒక్కటే పొడిగా. గుర్తు ముందు అంచున సున్నం చెదిరి, ఎర్రమట్టిలోకి తెల్లగా ఓ గోరంత మేర లాగి ఉంది. గీతకి తగలకుండా సున్నం రాదు.

తాత రోలరు మీద కూర్చుని ఉన్నాడు. వెళ్లి నిలబడ్డాను.

"లోపలే తాతా."

"నాకెందుకురా చెబుతావ్?"

ఇస్త్రీబండి దగ్గరికి వెళ్లేసరికి ఆ పిల్ల చొక్కాలు మడత పెడుతోంది. డబ్బా చాపి "నీ బంతి లోపలే" అన్నాను. ఇంకా ఏవో చెబుదామని దారిలో కూడబలుక్కున్నాను, రాలేదు. ఆమె డబ్బా తీసుకుని, అటూ ఇటూ తిప్పి, రింగు పట్టి లాగింది. ఫుస్స్. మా ఇద్దరికీ అది మొదటిసారి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, నా ముక్కు దగ్గరా పెట్టింది. ఒక బంతి తీసుకుని డబ్బా నాకు తిరిగి ఇచ్చేసింది.

"మొత్తం నీదే" అన్నాను.

"పాయింటు ఒకటేగా. మిగతావన్నీ నువ్వు కొట్టినవేగా" అంది.

ఆ లెక్క తప్పు. ఆ పాయింటు ఆమెకి వచ్చుంటే డ్యూస్, అంటే సమం, అయ్యేది, ఆ తరవాత ఏమయ్యేదో చెప్పలేం. ఆమెకీ తెలుసు. ఇంకో ఏడాది వచ్చింది. ఆ తరవాత పెళ్లిచేసి పంపేశారు. పదహారో ఏడు కూడా నిండలేదు. డాక్టరు గారు వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడారని విన్నాను. మాలో ఎవరమూ ఏమీ అనలేదు, అనాలని తోచలేదు కూడా.

మా అపార్టుమెంట్లో ఇప్పుడు వేసవికి టెన్నిస్ క్యాంపు పెడుతున్నారు. కరపత్రం మీద "లైఫ్ స్కిల్స్" అని పెద్దక్షరాలతో ఉంటుంది. నాయకత్వం, క్రమశిక్షణ, టీమ్‌వర్క్ అంటూ వరసగా రాస్తారు. వెక్కిరించడం లేదు. కోచ్ కుర్రాడు మంచివాడు, పిల్లలతో బంతులు ఏరిస్తాడు. నాకు తెలిసిన లైఫ్ స్కిల్ ఒక్కటే, అది కూడా అన్నిసార్లూ పనిచేయలేదు. బ్యాంకులో కొత్తగా క్యాష్‌లో కూర్చున్నప్పుడు, చేపలమ్మే ఆవిడ కౌంటరు దగ్గరే లెక్కపెట్టుకుని వంద తక్కువొచ్చిందంది. నేను సరిగ్గానే ఇచ్చాననుకుంటున్నా, ఒట్టేసి చెప్పలేను. ఇచ్చేశాను. పక్క సీటాయన నన్ను పిచ్చివాడిలా చూశాడు. సాయంత్రం క్యాష్ చూస్తే పైసాతో సరిపోయింది, అంటే ఆవిడ చెప్పిందే నిజం. సరే, ఇది బాగానే ఉంది. మా అన్నయ్యతో స్థలం పంచుకున్నప్పుడు హద్దురాయి దగ్గర పేచీ వచ్చింది. పాత రాయి ఇటా అటా ఎవరికీ గుర్తులేదు. "అనుమానం వస్తే లోపలే" అని నేను ఊరుకున్నాను. రెండు గజాలు పోయాయి. మా ఆవిడ ఆ మార్కర్ తాతని ఒక్కసారి కూడా చూడలేదు గానీ, ఆ గోడ చూసినప్పుడల్లా ఆయన్ని తిట్టుకుంటుంది.

కనుమ మర్నాడు హైదరాబాద్ తిరిగి వస్తూ కారు మా ఊరివైపు తిప్పాను. తాత పోయి ఇరవై ఏళ్లు దాటింది. డాక్టరు గారూ లేరు. పెంకుటి హాలు పోయి మేడ లేచింది, కింద ఫంక్షన్లకి అద్దెకిస్తున్నారు. కోర్టు ఉంది. నీలంరంగు, ఆకుపచ్చరంగు వేసిన సింథటిక్ కోర్టు, చుట్టూ దీపాల స్తంభాలు. నీళ్లు పట్టక్కర్లేదు, గీతలు చెరగవు. బంతి పడ్డ గుర్తూ మిగలదు. వాసన లేదు.

వాచ్‌మన్ కుర్రాడు "మెంబరాండీ?" అన్నాడు. కాదన్నాను. చిన్నప్పుడు ఇక్కడ ఆడేవాణ్ణంటే, "చూడండి, పర్లేదండి" అన్నాడు.

ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు, పన్నెండు పదమూడేళ్లుంటాయి. ఒకడు "అవుట్" అన్నాడు. రెండోవాడు "కాదురా, లైనే" అన్నాడు. కంచెకి ఓ ఫోను కట్టి వీడియో తీసుకుంటున్నారట, ఇద్దరూ పరుగెత్తి ఫోను మీద వాలారు. వెనక్కి తిప్పి చూశారు, పెద్దది చేసి చూశారు. తేలలేదు, మళ్లీ చూశారు. వాళ్లనేం అనగలం? వింబుల్డన్‌లోనే 2025 నుంచి లైన్ జడ్జీలని తీసేసి కెమెరాలకి అప్పగించారు. నాలుగు పెద్ద టోర్నీల్లో ఒక్క పారిస్ మట్టి మీదే ఇంకా మనుషులు చెబుతున్నారు. పేచీ వస్తే అంపైరు కుర్చీ దిగొచ్చి, వంగి గుర్తు చూస్తాడు. టీవీలో అది వచ్చినప్పుడల్లా నేను కొంచెం ముందుకి జరిగి కూర్చుంటాను.

వేపచెట్టు ఉంది. దాని కింద రోలరు కూడా ఉంది. ఇనపచట్రం తుప్పుపట్టి విరిగిపోయింది, రాయి సగం దాకా మట్టిలో దిగబడిపోయింది. తీసి పారేద్దామంటే కదల్లేదనీ, జేసీబీ రావాలనీ వాచ్‌మన్ చెప్పాడు. దాని మీద కూర్చున్నాను. చెప్పులు విప్పి పాదం కింద ఆనించి చూశాను. మట్టి పొడిగా ఉంది.

"అక్కడెందుకండీ, దుమ్ము. కుర్చీ తెస్తానుండండి" అంటూ వెళ్లి ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పక్కన వేశాడు. పర్లేదు బాబూ అన్నాను. వాడికి అర్థం కాలేదు. కుర్చీ అక్కడే వదిలేసి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. పిల్లలు ఇంకా ఫోను చూస్తూనే ఉన్నారు.